పులీ ఎలుగూ ఎదురుపడితే: ఉద్దానంలో నాలుగు రోజులు

మే 16, శుక్రవారం, కాశీబుగ్గ

పలాసలో రైలు దిగేసరికి ఉదయం ఏడున్నర. అప్పటికే ఎండ నెత్తికెక్కింది. వెంట మా అన్నయ్య కొడుకు, పన్నెండేళ్ళవాడు. వాడు తెల్లారి లేచింది మొదలు ఫోన్లో ఒకటే వీడియో తిప్పి తిప్పి చూస్తున్నాడు. 2018లో మహారాష్ట్రలోని తాడోబా అడవిలో సఫారీకి వెళ్ళినవాళ్ళు తీసింది. నీళ్ళకోసం పిల్లతో వచ్చిన తల్లి ఎలుగుబంటి మీద మట్కాసుర్ అనే మగపులి పడింది. పావుగంటసేపు పెనుగులాట. ఒక దశలో పులి దాన్ని కింద పడేసి కరిచి పట్టుకుంది. అయిపోయింది అనుకునే సమయానికి ఎలుగు విదిలించుకుని లేచి గర్జిస్తూ పులి మీదకే వెళ్ళింది. చివరికి తల్లీ పిల్లా వెళ్ళిపోయాయి, పులీ వెళ్ళిపోయింది.

"అత్తా, మరి గెలిచిందెవరు?" ఇది వాడి ప్రశ్న. నాలుగు రోజులూ కనిపించిన ప్రతి మనిషినీ ఇదే అడిగాడు. వాడి దగ్గర చిన్న నోటుబుక్కు ఉంది. ఒక పేజీలో నిలువుగా గీత కొట్టి ఒకవైపు 'పులి', ఇంకోవైపు 'ఎలుగు' అని రాసుకున్నాడు.

మా ఆఫీసు స్నేహితురాలి అత్తవారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఏటా మే నెల రాగానే పనసపండ్లకు రమ్మని పిలుస్తుంది, ఏటా నేను ఏదో ఒక వంక చెప్తాను. ఈసారి వీడితో ఫోన్లో "మా తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి నాన్నా" అనేసింది. ఇక నాకు వంక మిగల్లేదు.

కాశీబుగ్గ బస్టాండు దగ్గర టిఫిను. పూరీ, బొంబాయి చట్నీ, ప్లేటు నలభై. సర్వరు అడగకుండానే రెండోసారి చట్నీ పోసి, వాడు వద్దంటే "తిను బావూ, ఎండలో తిరగాల కాదేటి" అన్నాడు. విజయవాడలో అయితే రెండోసారి చట్నీ అడగడానికే గొంతు పెంచాలి.

పలాసకు వచ్చి జీడి చూడకుండా పోకూడదని ఒక చిన్న బట్టీకి వెళ్ళాం. పేరుకు మేం జీడిపప్పు కొనడానికి వెళ్ళాం గానీ గంటసేపు ఆ ఆడవాళ్ళ పక్కనే కూర్చున్నాం. జీడిపిక్క తోలులో ఒంటిని కాల్చే రసం ఉంటుంది. ఏళ్ళ తరబడి కొట్టినవాళ్ళ వేళ్ళ చివర్లు నల్లగా, మొద్దుగా అయిపోయి ఉన్నాయి. ఒకావిడ చేతులు చాపి చూపించి నవ్వింది. "ఫోన్ల ఏలిముద్ర పడదమ్మా, రేషను కాడ ఇదే గొడవ."

మావాడు ఊరుకోడు కదా. "ఎలుగుబంటి జీడిపిక్కలు తింటుందా అండీ?"

"పిక్క కొరికితే మూతి కాలిపోదేటి? పండు మట్టుకు తిని పిక్క ఒగ్గేస్తాది. మాకంటే తెలివైంది."

వాడు ఎలుగు వైపు ఒక గీత గీశాడు. నేను బద్దలు ఒక కిలో, నిండు గింజ అరకిలో తీసుకున్నాను. బద్దలంటే నామోషీ గానీ కూరల్లోకీ పాయసంలోకీ అవే మేలు.

మే 17, శనివారం, సముద్రం పక్క ఊరు

ఊరి పేరు రాయను. ఈ మధ్య ఎలుగు కనపడిందంటే చాలు, బైకులేసుకుని సెల్ఫీలకు వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని మా స్నేహితురాలి మావగారు మరీ మరీ చెప్పారు.

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మధ్యలో మునగ. ఇసుక నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తీరం మీదే విరుచుకుపడింది. కొబ్బరిచెట్టు పడిపోతే మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, ఇక్కడివాళ్ళు వయసులు కూడా "తిత్లీకి ముందు, తిత్లీకి తర్వాత" అని లెక్క చెప్తారు. వాళ్ళింట్లో అడుగు పెట్టగానే చెప్పిన మొదటి మాట "నుయ్యి నీళ్ళు తాగకండి." కిడ్నీ జబ్బుల భయం ఇక్కడ ప్రతి ఇంటి గడపలోనూ ఉంది. నీళ్ళ డబ్బా మా కోసం విడిగా తెప్పించి పెట్టారు.

మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఎండు నెత్తళ్ళ వేపుడు, చివర్లో చోడి అంబలి, అంటే రాగి అంబలి. పనసపొట్టు కూరకు ఆవ ముద్ద దించాక కలపాలట, పొయ్యి మీద ఉండగానే కలిపితే చేదెక్కుతుందట. ఇన్నేళ్ళూ నా కూర ఎందుకు చేదుగా వస్తోందో ఆ పూట తెలిసింది.

పెరట్లో పనసచెట్టు. మొదట్లోనే, మనిషి నడుం ఎత్తులో, ఐదారు కాయలు. మావాడు వాటిలో పెద్దదాన్ని ఎంచుకుని స్కెచ్ పెన్నుతో తన పేరు రాశాడు. "ఇంకో పది రోజులకు పండుతుంది, బస్సులో పంపిస్తాం" అని పెద్దాయన మాటిచ్చారు. అక్కడితో ఆగకుండా, "మరి అది ఒగ్గితేను" అని కూడా అన్నారు. అది అంటే ఎవరో అడగక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటాకైతే ఇక్కడివాళ్ళు అసలు ఆ పేరే ఎత్తరు.

నాలుగింటికి పక్కవీధి తాతని చూడ్డానికి తీసుకెళ్ళారు. ఎడమ కన్ను లేదు. చెంప మీద నుంచి దవడ దాకా కుట్టిన గుర్తు, ముక్కు ఒక పక్కకి ఒరిగింది. పిల్లవాడు దడుచుకుంటాడేమో అని నేను వెనకాడాను గానీ తాతే వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తెల్లారకముందే జీడిపిక్కలేరడానికి ఎల్నాను. గాలి సముద్రం మీంచి నా మొకానికి కొడతంది. అంటే నా వాసన దానికి అందలేదు. పొద కింద తొంగున్నాది. నాను సూసుకోలేదు, అదీ సూసుకోలేదు. ఇదిగో, ఈ గుమ్మానికీ ఆ తులసికోటకీ ఉన్నంత దూరం." చెయ్యి చాపి చూపించాడు. నాలుగు గజాలు ఉంటుందేమో. "లేచి నిలబడింది. మనిషిలాగే. అరిసింది చూడు, ఆ అరుపు ఇప్పటికీ నిద్దట్లో ఇనిపిస్తాది. నాను పరిగెట్టాను. అదే తప్పు."

"తర్వాత?"

"మొకం పట్టుకుంది. బోర్లా పడిపోనాను. మెడ మీద చేతులేసుకుని కదలకుండా పడున్నాను. ఒక్క నిమిషం. ఎల్లిపోనాది." కాసేపు ఆగి అన్నాడు: "నన్ను తినడానికి రాలేదు బావూ అది. నన్ను సూసి జడిసిపోనాది."

మావాడి నోటుబుక్కు మూసే ఉంది.

ఆ రాత్రి నేను వాడికి చెప్పింది ఇది, చదివిందీ విన్నదీ కలిపి. మన ఎలుగుబంటి తినేది చెదలు, చీమలు, పండ్లు, తేనె, ఇప్పపువ్వు. పై వరసలో ముందు పళ్ళు రెండు ఉండవు, ఆ సందులోంచి పుట్టలోని చెదల్ని గాలితో సహా పీల్చేస్తుంది. వేటాడే జంతువు కాదు. అయినా అడవిలో మనిషి మీద పడే జంతువుల్లో దీని పేరే ముందు చెప్తారు. ఎందుకంటే ఇది వేల తరాలుగా పులులూ చిరుతల మధ్య బతికింది. అమెరికాలో నల్ల ఎలుగుకు భయం వేస్తే పిల్లల్ని చెట్టెక్కించేస్తుంది. మనదీ చెట్లెక్కుతుంది, తేనెపట్టు కోసం బాగానే ఎక్కుతుంది. కానీ ప్రాణం మీదకు వస్తే ఎక్కదు. చిరుత చెట్టు మీదకూ వస్తుంది కదా! పరిగెత్తితే పులి వెనక నుంచి మెడ అందుకుంటుంది. ఇక మిగిలింది ఒకటే దారి, ఎదురు తిరిగి అవతలివాడి గుండె జారేలా చేయడం. పిల్లల్ని వీపు మీద మోసుకు తిరగడం కూడా అందుకేనంటారు. ప్రపంచంలో ఎలుగుబంట్లు ఎనిమిది రకాలుంటే ఇలా అలవాటుగా వీపున మోసేది మనదొక్కటే.

తాత గాలి సంగతి చెప్పాడు కదా, అసలు కిటుకు అక్కడే ఉంది. దీనికి చూపు తక్కువ, వినికిడీ అంతంతే, ముక్కు మాత్రం గొప్పది. పుట్టలో మూతి పెట్టి గురగుర పీలుస్తుంటే ఆ చప్పుడు మనకు వంద గజాల అవతలికీ వినిపిస్తుంది గానీ దానికి మన అడుగు వినపడదు. కాబట్టి పులి అయినా మనిషైనా దానికి తెలిసేసరికి పక్కనే ఉంటారు. దూరంగా ఉండగా తెలిస్తే పక్కకు తప్పుకుపోయే జంతువు, నాలుగు గజాల్లో తెలిస్తే బాంబులా పేలుతుంది.

ఇవన్నీ చెప్పి పెద్ద తెలిసినదాన్నని అనుకుంటున్నాను గానీ, అదే సాయంత్రం నేను చేసిన నిర్వాకం రాయకపోతే పాపం. తాత ఇంటి నుంచి సముద్రానికి స్కూటీ మీద వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఫోన్లో మ్యాపు చూపించిన అడ్డదారి పట్టాను. ఆ దారి జీడితోటల్లోకి వెళ్ళి ఇసుకలో ఆగిపోయింది. చక్రం దిగబడింది. టైము ఆరుంబావు. పక్కనే తవ్వి పారేసిన పుట్ట, మట్టి ఇంకా తడిగా ఉంది. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంతలో ఎండుకొమ్మల మోపుతో ఒకావిడ కనిపించి దూరం నుంచే కేకలు. "ఓలమ్మా, ఈ ఏలప్పుడు ఇటేటి పని! మాటాడండి, గట్టిగా మాటాడండి!" మోపు కింద పడేసి మాతో పాటు బండి తోసింది. తోస్తున్నంతసేపూ ఎవర్నో తిడుతున్నట్టు పెద్ద గొంతుతో మాట్లాడుతూనే ఉంది. మావాణ్ణి ఎక్కాలు చెప్పమంది. పదమూడో ఎక్కం దగ్గర తారురోడ్డు వచ్చింది. వంద రూపాయలు ఇవ్వబోతే చూసిన చూపుకు నేను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

రాత్రి పదకొండు దాటాక కుక్కలు మొరిగాయి. పెద్దాయన మమ్మల్ని లేపి చప్పుడు చేయకుండా మేడ మీదకు తీసుకెళ్ళారు. వెనక దొడ్డి అవతల, వీధిదీపం వెలుగు అంచున, నల్లటి ముద్ద ఒకటి కదులుతోంది. వీపు మీద ఇంకో రెండు చిన్న ముద్దలు. వీధికుక్కలు మూడు దాని చుట్టూ చేరాయి. అది కాసేపు పట్టించుకోలేదు. ఒక కుక్క మరీ దగ్గరికి వెళ్ళింది. అంతే, వెనక కాళ్ళ మీద లేచింది. ఛాతీ మీద తెల్లటి గుర్తు కనపడింది. ఒక అరుపు, నాలుగు అంగల దూకుడు. కుక్కలు ఎటు పోయాయో తెలీదు. అది తరమలేదు. ఉన్నచోటే ఆగి, ముక్కెత్తి గాలి చూసుకుని, పిల్లలతో సహా చీకట్లోకి నడిచిపోయింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు.

"వీడియోలో పులితో కూడా ఇలాగే చేసింది అత్తా," అన్నాడు వాడు గుసగుసగా. "అక్కడ పులి పారిపోలేదు, అంతే తేడా."

మే 18, ఆదివారం, మందస

ఆటో రానూపోనూ ఏడొందలు. బేరం ఆడితే ఆరొందల యాభై అన్నాడు గానీ దారిలో ఆపిన ప్రతిచోటా కొబ్బరిబోండం తనే కొనిచ్చాడు, లెక్క సరిపోయింది.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి, రాతి చెక్కడం మీద ఒడిశా పనితనం కనిపిస్తుంది. పూజారిగారు మాది ఏ ఊరో అడిగి, విజయవాడ అనగానే ఎండల గురించి మాట్లాడారు. గుడి బయట కోవా. మందస కోవా పేరు వినడమే గానీ తినడం ఇదే మొదలు. పంచదార తక్కువ, కాస్త మాడిన పాల వాసన. పావుకిలో కొని, నడుస్తూనే పూర్తి చేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి అరకిలో కొన్నాం. వాయవ్యాన మహేంద్రగిరి మబ్బు కింద నీలంగా ఉంది. కొండ ఒడిశాలో ఉన్నా, చూడ్డానికి మాత్రం మందసదే అన్నట్టుంటుంది.

ఆటో అతని మావ ఒకాయన అడవి పనుల్లో ముప్పై ఏళ్ళు చేసి మానేశాడు. జాడలు చూడ్డం ఆయన పని. ఇంటి అరుగు మీద మంచం వాల్చి కూర్చోబెట్టి, ముందు టీ, తర్వాతే మాట.

మావాడు ప్రశ్న వేశాడు. ఆయన నవ్వి, వాణ్ణే ఎదురు అడిగాడు. "నువ్వు పులివి అనుకో. వారానికోసారి వేట. నీ పంజాకి దెబ్బ తగిలింది. రేపు నీకు ఎవరు తెచ్చి పెడతారు?"

"ఎవరూ పెట్టరు."

"మరి దుప్పిని వదిలి ఎలుగుతో ఎందుకు పెట్టుకుంటావు?"

పులి ఒంటరిగా బతికే జంతువు. కాలు కుంటిదైతే ఆకలితో చావాల్సిందే. అందుకే ఎలుగును కొట్టదలచుకున్న పులి ఎదురుగా రాదు. పుట్ట తవ్వుతుంటే వెనక నుంచి, గాలికి ఎదురుగా వచ్చి, మెడ పట్టుకుంటుంది. అలా దొరికిన ఎలుగు బతకదు, బలంలో పులికి సాటి కాదు. పెద్ద మగపులి రెండువందల కిలోలు ఉంటే ఆడ ఎలుగు వందలోపే. కానీ ఆఖరి నిమిషంలో ఎలుగు పసిగట్టి లేచి నిలబడిందా, పులి లెక్క మారిపోతుంది. చాలాసార్లు పులి ఆగిపోతుంది, కూర్చుండిపోతుంది, పిల్లి గోడ మీద నుంచి చూసినట్టు చూస్తుంది. లేదా రెండడుగులు వెనక్కి వేసి పక్కదారి పడుతుంది. సఫారీల్లో జనం తీసిన ఇలాంటి వీడియోలన్నీ పోగేసి పరిశోధకులు చూస్తే, ఎక్కువ వాటిలో ఒకదాని ఒంటి మీద ఒకటి చెయ్యి వేయకుండానే వ్యవహారం ముగిసింది. తాడోబాలో జరిగినది అరుదు కాబట్టే అంతమంది చూశారు.

చిరుత సంగతి వేరన్నాడు. చిరుతకు ఎలుగు పిల్ల కావాలి, తల్లి అక్కర్లేదు. తల్లి ఉన్నంతసేపూ అది దగ్గరికి రాదు.

మావాడు రష్యా పులి గురించి తీశాడు. ఆయనకు తెలియదు, నేను అందుకున్నాను. అక్కడి గోధుమరంగు ఎలుగు మనదానికి పెద్దన్న లాంటిది. పులి తనకంటే చిన్నవాటిని, ఆడవాటిని వేటాడుతుంది. కానీ పెద్ద మగ ఎలుగులు పులి కొట్టిన జంతువు దగ్గరికి వాసన పట్టుకుని వచ్చి, పులిని తరిమి అవే తినేస్తాయి. అమెరికాలో ప్యూమా, అంటే కొండసింహం, కొట్టిన జింకకూ ఇదే గతి. ఇది విని ఆయన తొడ చరిచి నవ్వాడు. "అంటే అక్కడ ఎలుగు దొంగ. మనది అమాయకురాలు, చీమలు తిని బతుకుతాది. అయినా చెడ్డపేరు మన దానికే."

"ఇక్కడ పులి ఉందా?" అని అడిగాను. కాపురం ఉండే పులి లేదన్నాడు, దారిన పోయేవే. 2022లో కాకినాడ జిల్లాలో వారాల తరబడి తిప్పలు పెట్టిన పులి అనకాపల్లి మీదుగా విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 2023 నవంబరులో ఒడిశా వైపు నుంచి ఒకటి ఈ జిల్లాలో దిగింది, పశువుల్ని కొట్టింది. ఆ రోజుల్లో ఊళ్ళల్లో తలుపులు సాయంత్రం ఐదుకే పడేవట.

"అప్పుడు ఎలుగులు ఏం చేశాయి?"

"మాకెవడు సెప్పాడు! కానీ ఒకటి. ఆ పులి ఇన్ని ఊళ్ళు తిరిగినా మనిషి కంటపడకుండా తప్పుకునే పోయింది. ఎలుగు సెయ్యెత్తితే పులికి తెలుస్తాది, 'ఎల్లిపో' అంటందని. మనిషికి తెలీదు. రాయి ఇసురుతాడు, లేదంటే పరిగెడతాడు."

2022 జూన్ సంగతి ఆయన చెప్పలేదు, ఆటోలో తిరిగొస్తుంటే డ్రైవరే ఎత్తాడు. వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు ఒక మనిషిని చంపింది, మర్నాడు తోటల్లో ఇంకొంతమందిని చీల్చింది. మత్తు ఇచ్చి పట్టుకుని తీసుకెళ్తుంటే అది కూడా చచ్చిపోయింది. "మా వాళ్ళందరూ ఏడుస్తూనే ఉన్నారండి, అది చచ్చిందంటే కూడా ఒకావిడ ఏడ్చింది," అన్నాడు. తర్వాత ఊరు వచ్చేదాకా పాటలు కూడా పెట్టలేదు.

మే 19, సోమవారం, టెక్కలి దారిలో

తేలినీలాపురం పక్షులు చూద్దామని వెళ్ళాం. వేళ కాని వేళ. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే కొంగలు, గూడబాతులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. చింతచెట్ల మీద ఖాళీ గూళ్ళు, కింద తెల్లటి రెట్ట మరకలు. కాపలా ఉన్నాయన "దసరా సెలవులకు రండి, అప్పుడు సూడాల" అని, మమ్మల్ని ఖాళీగా పంపడం ఇష్టం లేక చెట్టు నుంచి నాలుగు చింతకాయలు కోసిచ్చాడు. ముదిరినవి, పళ్ళు పులిసిపోయాయి.

రైల్లో మావాడు నోటుబుక్కు తీశాడు. పులి వైపు మూడు గీతలు, ఎలుగు వైపు నాలుగు. చాలాసేపు చూసి, రెండింటి మధ్య ఇంకో నిలువు గీత కొట్టి, మూడో వరస మీద 'తప్పుకుంది' అని రాసి, దాని కింద గబగబా గీతలు గీసుకుంటూ పోయాడు. కుక్కల గీత కూడా అందులోనే వేశాడు.

ఇది రాయడానికి కూర్చున్న పూటే స్నేహితురాలు ఫోటో పంపింది. పెరట్లో పనసచెట్టు మొదట్లో పగిలిన కాయ, పీచు, నాలుగైదు గింజలు. తొన ఒక్కటి లేదు. తోలు ముక్క ఒకటి తిప్పి పెట్టి తీసింది, దాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేరులో సగం కనిపిస్తోంది. మావాడికి చూపిస్తే, ముందు కోపం వచ్చింది, తర్వాత ఒకటే అడిగాడు.

"పిల్లలు కూడా తిన్నాయా?"